చంద్రుడు పడిపోయే ఊళ్లో మల్లినాథసూరి

అందరికీ నమస్కారం.

వీడియో గేముల్లో గూఢార్థాల గురించి మాట్లాడమన్నారు. ఒక్క పూటలో తేలే విషయం కాదు. అందుకని ఒకే ఆటల వరుసను తీసుకుంటాను: ది లెజెండ్ ఆఫ్ జెల్డా. అందులోనూ ఎక్కువసేపు 2000లో వచ్చిన మజోరాస్ మాస్క్ దగ్గరే ఆగుతాను. ఆడనివాళ్లు కంగారు పడకండి, కథ నేను చెబుతాను. ఆడినవాళ్లు దయచేసి మధ్యలో అందుకోకండి. (నవ్వులు)

తోడుగా ఒక పెద్దమనిషిని కూడా తెచ్చుకున్నాను. మల్లినాథసూరి. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన మహానుభావుడు. మెదక్ దగ్గరి కొల్చారం ఆయన ఊరని చెబుతారు. కావ్యంలోకి దిగే ముందు ఆయన పాఠకుడికి ఒక మాట ఇస్తాడు: ‘నామూలం లిఖ్యతే కించిత్, నానపేక్షితముచ్యతే’. మూలంలో ఆధారం లేనిది ఒక్కటీ రాయను, అక్కర్లేనిది చెప్పను అని. యూట్యూబ్‌లో ఫ్యాన్ థియరీ వీడియోలు, అంటే ఆటల్లో దాగిన అర్థాలను అభిమానులు ఊహించి చెప్పే వీడియోలు చేసేవాళ్లందరి చేతా ముందు ఈ ప్రమాణం చేయించాలని నా కోరిక. చేయిస్తే సగం ఛానెళ్లు మూతపడతాయి, అది వేరే సంగతి.

నేను ఫ్యాన్ థియరీలకు విరోధిని కాదు. పైకి ఒక కథ, లోపల ఒక కథ అంటే మనకు కొత్తేమీ కాదు. ఒకే పద్యంలో రామాయణ భారతాలు రెండూ నడిపించిన పింగళి సూరన మనవాడే. అయితే సూరన ఆ రెండర్థాలనూ కావాలనే, కష్టపడి, పద్యం పద్యంలో పెట్టాడు. ఆటల్లో మనవాళ్లు చూసే అర్థాలు ఎవరు పెట్టినవి? ఎవరూ పెట్టకపోతే అవి లేనట్టేనా? నా గొడవంతా ఈ రెండు ప్రశ్నలతోనే.

ముందు జెల్డా గురించి నాలుగు మాటలు. నింటెండో కంపెనీది. మొదటి ఆట 1986 ఫిబ్రవరిలో జపాన్‌లో వచ్చింది. తయారుచేసినవాళ్లలో ముఖ్యులు షిగెరు మియామోటో, తకాషి తెజుకా. ఆకుపచ్చ టోపీ కుర్రాడు లింక్, రాకుమారి జెల్డా, పంది ముఖం దుష్టుడు గానన్, హైరూల్ అనే రాజ్యం. వీటన్నిటికీ గుర్తుగా ట్రైఫోర్స్ అనే మూడు బంగారు త్రికోణాలు: శక్తి, జ్ఞానం, ధైర్యం. ఆట ఆడనివాళ్లు కూడా ఆ గుర్తును ఏ చొక్కా మీదో చూసే ఉంటారు.

ఆ గుర్తు మీద చాలాకాలంగా ఉన్న థియరీ ఒకటి చెబుతాను. జపాన్‌లో హోజో వంశం అని ఉండేది. కామకురా కాలంలో రాజ్యాధికారం నడిపినవాళ్లు. వాళ్ల వంశముద్ర అచ్చం ఇదే, మూడు త్రికోణాలు. దాని వెనక ఒక ఐతిహ్యం ఉంది. హోజో తోకిమాసా ఎనోషిమా ద్వీపంలో తన వంశం కోసం ప్రార్థిస్తే దేవత ప్రత్యక్షమైందట, పెద్ద సర్పమై సముద్రంలోకి వెళ్లిపోయిందట, వెళ్తూ మూడు పొలుసులు వదిలిందట. ఆ ద్వీపంలో కొలువున్న దేవత బెంజైటెన్. ఎవరో తెలుసా? మన సరస్వతే! బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరి ఆ పేరుతో స్థిరపడింది. ఇంకేం, ట్రైఫోర్స్ అంటే సరస్వతీదేవి వదిలిన పొలుసులు, జ్ఞానం అన్నది అందుకే వచ్చింది అని మనవాడెవడైనా వీడియో చేస్తే లక్షల మంది చూస్తారు. నాకే చేయాలనిపిస్తోంది. (నవ్వులు)

కానీ మూలం చూడాలి కదా. 1986 నాటి ఆటలో మూడు త్రికోణాలు లేవు. శక్తి, జ్ఞానం రెండే ఉన్నాయి, వేటికవే విడి త్రికోణాలు. జ్ఞానాన్ని ఎనిమిది ముక్కలు చేసి దాచారు, వాటిని ఏరుకోవడమే ఆట. ధైర్యం 1987లో రెండో ఆటలో వచ్చి చేరింది. మూడూ తిరుగుతూ వచ్చి ఒకటిగా కూడడం 1991లో వచ్చిన ఎ లింక్ టు ది పాస్ట్ మొదట్లో చూస్తాం. తర్వాతెప్పుడో గీసేవాడి కళ్ల ముందు హోజో ముద్ర ఉండి ఉండవచ్చు, కాదనను. పుట్టుకలోనే ఉంది అంటే మాత్రం మొదటి ఆటే ఒప్పుకోదు. పైగా మియామోటో చెప్పిన అసలు ఊహ వింటే నవ్వొస్తుంది: ట్రైఫోర్స్ ముక్కల్ని మొదట ఎలక్ట్రానిక్ చిప్‌లుగా అనుకున్నారట, కథ భూతకాలానికీ భవిష్యత్తుకూ మధ్య నడవాలట. ఇన్ని థియరీలు వచ్చాయి, ఇది ఎవరి ఊహకూ అందలేదు.

ఇదే మొదటి ఆటలో మూడో నేలమాళిగను పైనుంచి చూస్తే స్వస్తిక్ ఆకారంలో ఉంటుంది. అమెరికాలో కొందరు దాన్ని చూసి ఉలిక్కిపడి నాజీల దాకా వెళ్లారు. జపాన్ పటాల్లో ఆ గుర్తు ఉంటే అక్కడ బౌద్ధాలయం ఉందని అర్థం. మన ఇళ్లలో కొత్త ఖాతా పుస్తకం మీద కూడా అదే వేస్తాం. దీనికి థియరీ అక్కర్లేదు, చూసేవాడి ఊరు తెలిస్తే చాలు.

ఇక 1998లో వచ్చిన ఒకరీనా ఆఫ్ టైమ్. అందులో అగ్ని ఆలయం అని ఒకటుంది. తొలి కార్ట్రిడ్జ్‌లలో ఆ ఆలయం సంగీతంలో ఇస్లాం ప్రార్థన వినిపిస్తుంది. తర్వాతి కార్ట్రిడ్జ్‌లలో అది లేదు, వేరే సంగీతం ఉంది. దీని మీద ఏళ్ల తరబడి నడిచిన కథ ఏమిటంటే, ముస్లింలు పెద్ద ఎత్తున అభ్యంతరం చెప్పారు, కంపెనీ భయపడి తీసేసింది అని. ఇంకో అడుగు వేసినవాళ్లు ఆలయం నిర్మాణంలోనే మత సంకేతాలు వెతికారు. చివరికి ఈ కథను పడగొట్టింది కూడా అభిమానులే. కార్ట్రిడ్జ్‌లు సేకరించి, లోపలి ఫైళ్లు తెరిచి, తేదీలు చూశారు. ఆ ప్రార్థన తీసేసిన వెర్షన్ ఆట అంగళ్లకు రాకముందే తయారైంది. అమ్మకానికే రాని ఆట మీద జనం ఎలా అభ్యంతరం చెబుతారు? మత సంబంధమైన ఆనవాళ్లు ఆటల్లో ఉండకూడదని నింటెండోకు ముందునుంచీ నియమం ఉండేది. ఆ గొంతేమో సంగీత దర్శకులకు అమ్మే రెడీమేడ్ శబ్దాల డిస్కులోంచి తీసుకున్నది. అదేమిటో ఆలస్యంగా తెలుసుకుని మార్చారనుకోవడమే సబబు. ఎంత పొడి సమాధానమో చూడండి. కానీ మల్లినాథుడు ఉంటే ఆ ఫైళ్లు తెరిచిన కుర్రాళ్ల భుజం తట్టేవాడు.

సరే, మజోరాస్ మాస్క్ దగ్గరికి వద్దాం.

ఒకరీనా తర్వాత నింటెండో తొందరపడింది. అదే ఇంజిన్‌తో, అంటే ఆటను నడిపే అదే ప్రోగ్రాంతో, అవే బొమ్మలు చాలావరకు వాడుకుని, ఏడాదిలో ఇంకో ఆట తేవాలన్నారు. దర్శకులు ఎయిజీ ఔనుమా, యోషియాకి కొయిజుమి. కథ ఇది. విడిపోయిన స్నేహితురాలిని వెతుక్కుంటూ లింక్ అడవిలో పోతుంటాడు. స్కల్ కిడ్ అనే ముసుగు పిల్లవాడు అతని గుర్రాన్ని దొంగిలిస్తాడు. వెంటపడిన లింక్ ఒక చీకటి గుంటలో పడి, చెక్కబొమ్మ లాంటి డెకు రూపంలోకి మారి, టెర్మినా అనే మరో లోకంలో తేలతాడు. అక్కడ ఆకాశంలో చంద్రుడు పళ్లు బిగించి, కళ్లు ఉరిమి కిందికి దిగుతున్నాడు. మూడు రోజుల్లో క్లాక్ టౌన్ అనే ఊరి మీద పడతాడు. మన గడియారంలో అది గంట కన్నా కాస్త తక్కువ. పడేలోపు లింక్ ఒకరీనా అనే పిల్లనగ్రోవి లాంటి వాయిద్యం ఊది మళ్లీ మొదటి రోజు ఉదయానికి వెళ్లాలి. వెళ్తే ఎవరికి చేసిన సాయమైనా చెరిగిపోతుంది. కన్నీళ్లు తుడిచి వచ్చిన మనిషే రేపు మిమ్మల్ని గుర్తుపట్టదు.

ఇంత దిగులు పుట్టించే ఆట మీద థియరీలు పుట్టకుండా ఉంటాయా? అన్నిటికన్నా పేరున్నది ఇది: లింక్ ఆ గుంటలో పడినప్పుడే చచ్చిపోయాడు, టెర్మినా అంతా మరణానంతర ప్రయాణం, అందులోని ఐదు చోట్లు దుఃఖానికి చెప్పే ఐదు దశలు. మనోవైద్యురాలు ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో రాసిన పుస్తకంలోని దశలు: నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం.

పోలిక ఎంత బాగా కుదురుతుందో ముందు ఒప్పుకోవాలి. క్లాక్ టౌన్‌లో చంద్రుడు నెత్తి మీదికి వస్తుంటే వడ్రంగుల పెద్ద ముటో మేయర్ గదిలో కూర్చుని చంద్రుడు లేదు గింద్రుడు లేదు, జాతర జరగాల్సిందే అని దబాయిస్తాడు. అది నిరాకరణ. వుడ్‌ఫాల్ చిత్తడిలో డెకు రాజు కూతురు కనపడక, పాపం తెలియని కోతిని కట్టేసి శిక్షిస్తుంటాడు. అది కోపం. మంచుకొండల్లో చనిపోయిన, గోరాన్ అనే కొండజాతి వీరుడు దర్మానీ దయ్యమై వచ్చి నన్ను బతికించమని లింక్‌ను వేడుకుంటాడు. అది బేరం. సముద్ర తీరంలో గాయని లులు గొంతు పోయి, నీళ్లకేసి చూస్తూ నిలబడుతుంది. అది కుంగుబాటు. చివర ఇకానా లోయలో, రాతి బురుజు ఎక్కుతూ, లింక్ తన రూపంలోనే ఉన్న ఖాళీ విగ్రహాలను వెనక వదిలేస్తూ పైకి పోతాడు. అది అంగీకారం. మొదటిసారి వింటే ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు ఇకానాలో కాసేపు తిరుగుదాం. అక్కడ సంగీత పేటిక లాంటి ఇల్లు ఒకటి ఉంటుంది. అందులో పమేలా అనే చిన్నపిల్ల ఉంటుంది. తండ్రి దయ్యాల మీద పరిశోధన చేస్తూ సగం శవంలా మారిపోయాడు. ఆ పిల్ల ఏం చేసింది? నేలమాళిగలో ఉన్న బీరువాలో తండ్రిని పెట్టి తలుపు మూసింది. ఎవరు తలుపు తట్టినా తీయదు. మీరు ఎలాగో లోపలికి దూరి బీరువా దగ్గరికి పోతే, లోపలినుంచి ముఖమంతా గుడ్డలు చుట్టుకున్న ఆ తండ్రి తూలుతూ బయటికి వస్తాడు. అతన్ని మామూలు మనిషిని చేశాక ఆ పిల్ల తండ్రిని కరుచుకుని, ఏమీ జరగలేదు, నువ్వు పీడకల కన్నావు అంతే, అని చెబుతుంది. అంగీకారం ఉండాల్సిన లోయలో ఇంతకన్నా గట్టి నిరాకరణ ఇంకేముంది? అదే లోయలో చచ్చిపోయిన సైనికులు ఇంకా కాపలా కాస్తున్నారు, చచ్చిపోయిన రాజు ఇంకా సింహాసనం మీదే ఉన్నాడు. వాళ్లలో ఒక్కరూ దేనినీ అంగీకరించలేదు. మూలం ఒప్పుకోదంటే ఇదే. థియరీ తనకు పనికొచ్చే విగ్రహాల్ని తీసుకుని, పమేలాను మళ్లీ బీరువాలో పెట్టింది.

అంగీకారం కావాలంటే మరోచోట దొరుకుతుంది. ఐదు దశల పటంలో స్థానమే లేని పశువుల కొట్టం, రోమాని రాంచ్. అక్కా చెల్లెళ్లు ఇద్దరే, క్రీమియా, రోమాని. పాలు అమ్ముకుని బతుకుతారు. వాళ్ల దగ్గర పెద్దవాళ్లు మాత్రమే తాగే ఒక రకం పాలుంటాయి. చిన్నది ఎంత అడిగినా అక్క ఇవ్వదు. మూడో రోజు సాయంత్రం, చంద్రుడు ఇంకొన్ని గంటల్లో పడతాడనగా, అక్క చెల్లెలితో ఈ రాత్రి నువ్వు కూడా తాగవచ్చు, నువ్వు పెద్దదానివయ్యావు, నా పక్కలో పడుకో అంటుంది. చిన్నదానికి సంతోషం పట్టలేదు. అక్కకు ఎందుకు ఇస్తోందో తెలుసు. చెల్లెలికి తెలియదు. ఆట ఇక ఒక్క మాట కూడా చెప్పదు. ఏ దశకూ అందని సన్నివేశం ఇది, నా లెక్కలో ఆట మొత్తానికి ఇదే గొప్పది.

ఇంకో సంగతి. క్యూబ్లర్-రాస్ షికాగోలో మాట్లాడింది ఎవరితో? అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లతో కాదు, చావు ముందున్న రోగులతో. ఆ ఐదూ మొదట తన చావు తనకు తెలిసిన మనిషి మనసులో కదిలేవి. వరుసగా రావాల్సిన పని లేదని తర్వాత ఆమే స్పష్టం చేశారు. మరి టెర్మినాలో తన చావు తనకు తెలిసినవాళ్లు ఎవరు? లింక్ కాదు, అతని దగ్గర ఒకరీనా ఉంది, ఎప్పుడైనా మొదటి రోజుకు పోగలడు. పోలేనివాళ్లు ఊరి జనం. ముటో, క్రీమియా, తపాలా మనిషి, కత్తి గురువు. పగలంతా ప్రగల్భాలు పలికిన ఆ కత్తి గురువు ఆఖరి రాత్రి తన ఇంటి లోపలి గదిలో ముడుచుకుని చావాలని లేదని ఏడుస్తుంటాడు. ఐదు దశలు ఐదు ప్రాంతాల్లో పరిచి లేవు, ఒక్క క్లాక్ టౌన్‌లోనే, మూడు రోజుల్లో, గడప గడపకూ ఒక్కో రకంగా ఉన్నాయి. థియరీ చేసినవాళ్లు సరైన పుస్తకాన్నే పట్టుకున్నారు, దాన్ని తప్పు మనిషికి వర్తింపజేశారు అంటాను నేను.

లింక్ చచ్చిపోయాడా అన్నదానికి వస్తే, దానికి అసలు మూలమే లేదు. గుంటలో పడ్డాడు కాబట్టి చచ్చాడట. ఆటల్లో గుంటలో పడినవాళ్లందరూ చచ్చిపోతే మారియో ఎన్నిసార్లు చావాలి? (నవ్వులు) ఆఖర్న గుర్రమెక్కి వెళ్లిపోతాడు, మనం చూస్తాం.

దుఃఖం గురించి ఆ థియరీకి అందకుండా పోయిన ఆధారం ఆట మొదట్లోనే ఉంది. డెకు రూపంలో లింక్ కళ్లు తెరిచి నాలుగడుగులు వేయగానే, ఒక చిన్న వంకర చెట్టు కనిపిస్తుంది. ఏడుస్తున్న ముఖంలా ఉంటుంది. పక్కనున్న పిట్ట లాంటి దేవత టాట్ల్, ఇది అచ్చం నీలాగే ఉంది, ఇప్పుడే ఏడ్చేసేలా ఉంది అని ఊరుకుంటుంది. ఎన్నో గంటల తర్వాత డెకు రాజు బట్లర్ మీతో పరుగు పందెం పెట్టి, గెలిచాక, నిన్ను చూస్తుంటే ఎప్పుడో ఇల్లు విడిచి వెళ్లిన నా కొడుకు గుర్తొస్తాడు అంటాడు. ఆట అయిపోయి పేర్లు పడుతున్నప్పుడు, ఊళ్లో జాతర బాణాసంచా మధ్య, ఒక్క ముక్క కోస్తారు: ఆ బట్లర్ ఆ చెట్టు ముందు కూలబడి ఏడుస్తుంటాడు. అంతే. డెకు రూపంలో ఉన్నంతసేపూ మనం ఎవరి రూపం వేసుకుని తిరిగామో అప్పుడు తెలుస్తుంది. దీన్ని ఎవరో కావాలనే పెట్టారని చెప్పడానికి ఏ ఇంటర్వ్యూ అక్కర్లేదు. ఆ చెట్టు బొమ్మ ఒకరు గీశారు, ఆ మాట ఒకరు రాశారు, ఆ ఏడుపును ఒకరు కదిలించారు. ఏడాదిలో ఆట ముగించాలని పరుగులు పెడుతున్నవాళ్లు ఊరికే చేసే పనులా అవి?

ప్రశ్నలుంటే అడగండి.

శ్రోత: తయారుచేసినవాళ్లే వివరణ ఇచ్చారు కదా, అది ఆఖరి మాట కాదా?

రెండు రకాల వివరణలున్నాయి. ఆట ఎలా పుట్టింది అని చెబితే వినాలి. ఉదాహరణకు, కొయిజుమి అంతకుముందు దొంగ-పోలీసు ఆట ఒకటి తలపెట్టాడు, ఒక వారంలో దొంగను పట్టుకోవాలి. ఆ పనిలో ఉన్నవాణ్ని ఔనుమా ఇటు లాక్కొచ్చాడు. ఆ వారమే ఇక్కడికి వచ్చింది, వారం మరీ ఎక్కువైందని మూడు రోజులకు కుదించారు. చంద్రుడు పడిపోవడం కొయిజుమి పగటికల. ఇది చరిత్ర, నమ్ముతాను. అర్థం ఏమిటో చెబితే మాత్రం అది కూడా ఒక వ్యాఖ్యానమే. 2017లో వచ్చిన జెల్డా అధికారిక విజ్ఞాన సర్వస్వం టెర్మినా అంతా స్కల్ కిడ్ మనసులోంచి పుట్టిందనీ, లింక్ వెళ్లగానే మాయమైందనీ చెప్పింది. నాకు నచ్చలేదు. జాతర జరుగుతుండగా, పెళ్లి జరుగుతుండగా ఆట ముగించి, ఆ తర్వాత అంతా మాయమైందని పుస్తకంలో రాస్తే, అది అనపేక్షితం. కంపెనీ ముద్ర ఉన్నా సరే. అభిమానుల్లో చాలామంది దాన్ని పక్కన పెట్టేశారు, మంచి పని చేశారు.

శ్రోత: పిచ్చిదనుకున్న థియరీ ఒక్కటైనా నిజమైందా?

అయింది. 2019 జూన్‌లో, ఈ వరుసలోనిదే అయిన బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ అనే ఆట తర్వాతి భాగానికి చిన్న ట్రైలర్ వదిలారు. సంగీతం వింతగా ఉందని కొందరు దాన్ని వెనక్కి తిప్పి వేసి విన్నారు. తిప్పితే సరిగా వినిపించింది. అంటే కథలో కాలం వెనక్కి తిరుగుతుంది అన్నారు. 2023 మేలో టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్ వచ్చింది. వస్తువుల కాలాన్ని వెనక్కి తిప్పే శక్తి లింక్ చేతికి వచ్చింది, జెల్డా ఎంతో ప్రాచీన కాలానికి వెళ్లిపోయింది. శబ్దం అనే మూలం చేతిలో పెట్టుకుని చెప్పిన మాట కాబట్టి నిలబడింది.

అదే ట్రైలర్‌లో జెల్డా జుట్టు పొట్టిగా కనిపించింది. ఇంకేముంది, ఈసారి జెల్డాతోనే ఆడిస్తారు, జుట్టు పరుగుకు అడ్డు రాకుండా కత్తిరించారు అని బల్లగుద్ది చెప్పినవాళ్లున్నారు. ఆ ఆటలో అలాంటిదేమీ జరగలేదు. 2024లో ఎకోస్ ఆఫ్ విజ్‌డమ్ అనే వేరే ఆటలో జెల్డాతోనే ఆడించారు. అందులో జుట్టు పొడుగ్గానే ఉంది. (నవ్వులు)

వెనక చెయ్యెత్తినవారు, చెప్పండి.